నాలుగో దీవి

సతాయించే అత్తగార్లుంటారు, సాధించే అత్తగార్లుంటారు, మంచం దిగకుండానే ఇల్లంతా నడిపించే అత్తగార్లూ ఉంటారు. వాళ్లతో ఎలా వేగాలో ఏ పక్కింటావిడని అడిగినా నాలుగు చిట్కాలు చెబుతుంది. కానీ మార్కులు వేసే అత్తగారితో ఎలా వేగాలో ఇంతవరకూ ఎవరూ చెప్పిన పాపాన పోలేదు.

మన పెద్దకోడలి అత్తగారు బళ్లో ముప్ఫై ఏళ్లు జాగ్రఫీ చెప్పి రిటైరైన మనిషి. ఆవిడ లేచిన కుర్చీలోనే పెద్దకోడలు కూర్చుంది. ఆ వారం నుంచే ఇంట్లో ఒక నియమం పుట్టింది. బడికెళ్లే ఏ వర్క్‌షీటైనా సరే, ముందు అత్తగారు రాసి చూడాలి. పిల్లలకి ఎంత సేపు పడుతుందో, ఎక్కడ తికమకపడతారో తెలియాలిగా! భోజనాల బల్ల దగ్గర నిటారుగా కూర్చుని, చెక్కిన పెన్సిలు, రబ్బరు, వంటింటి టైమరు వరసగా పేర్చుకుని, పైన పేరు రాయాల్సిన చోట పేరు, రోల్ నంబరు చోట ఒకటి అంకె వేసి మొదలుపెడుతుంది. ఆ నలభై నిమిషాలూ ఇంట్లో మిక్సీ తిరక్కూడదు, కొడుకు దగ్గకూడదు. అయిపోయాక ఆవిడే టీచరై, తను రాసిన కాగితం మీద కుడివైపు మూల ఎర్రసిరాతో పదికి మార్కులు వేస్తుంది. అవి జవాబులకి కాదు, ప్రశ్నలు తయారుచేసిన వాళ్లకి.

పదకొండేళ్లలో పెద్దకోడలికి వచ్చిన అత్యధిక మార్కులు ఎనిమిదిన్నర. అదీ ఆవిడకి జలుబు చేసి కళ్లు సరిగ్గా కనపడని రోజున.

ఇన్ని తప్పులు పట్టే మనిషి నోటినుంచి రాని మాట ఒక్కటే, "తప్పు నాది" అన్నది. పాలు పొంగితే స్టవ్ మరీ చురుగ్గా మండినట్టు. బస్సు తప్పితే బస్సు ముందొచ్చినట్టు. జవాబు తప్పితే ప్రశ్న సరిగ్గా లేనట్టు. మరీ ఇరుకున పడితే చేయి గాల్లో ఒకసారి ఊపి, "అలా జరిగిపోయింది" అంటుంది, వరదలూ భూకంపాలూ జరిగిపోయినట్టు.

పోయినవారం పెద్దకోడల్ని మేడమెట్ల మీద వదిలేసి వచ్చేశాం. చేతిలో నలిగిన కాగితం, కడుపులో మంట. కాగితం సంగతి తర్వాత. మంటకి కారణం మేడ మీద కాపురముంటున్న తోటికోడలు. ఆ అమ్మాయి ఆర్నెల్ల క్రితం అదే బళ్లో సైన్స్ టీచరుగా చేరింది. అప్పటిదాకా రివిజన్ అంటే పెద్దకోడలి షీట్లే. ఖాళీలు పూరించండి, జతపరచండి, పటంలో గుర్తించండి. చేత్తో గీసిన పటాలు, రూళ్లకర్రతో కొట్టిన గీతలు. పిల్లలు ఆమెని "అట్లాస్ టీచర్" అనేవాళ్లు. చిన్నకోడలు వచ్చి తరగతి గదిలో బట్టలారేసే తాడు కట్టింది. జవాబుల చీటీలకి క్లిప్పులు పెట్టి, జీర్ణవ్యవస్థని నోటి నుంచి చివరిదాకా వరసగా ఆరేయించింది. గోడకి అంటించిన గుండె బొమ్మని పది సెకన్లు చూసి, పరిగెత్తుకొచ్చి జట్టు కాగితం మీద గీయమంది. రెండో వారానికల్లా ఆ అమ్మాయికి "మ్యాజిక్ టీచర్" అని పేరొచ్చింది. మూడో వారం అత్తగారు ఆ అమ్మాయి షీటుకి తొమ్మిది వేసింది.

తొమ్మిది! ఆ రోజు నుంచి పెద్దకోడలికి తొమ్మిది అంకె గడియారంలో కనిపించినా ఒళ్లు మండుతోంది.

ఇక కాగితం సంగతి. పదో తరగతికి సైన్సూ జాగ్రఫీ కలిపి ఒకే రివిజన్ పుస్తకం వెయ్యాలని హెడ్మిస్ట్రెస్ నిర్ణయించి, కూర్పు పని చిన్నకోడలికి అప్పజెప్పింది. శనివారం స్టాఫ్‌రూములో ఆ ప్రూఫులు తిరగేస్తూ పెద్దకోడలు తన పద్నాలుగో నంబరు వర్క్‌షీటు దగ్గర ఆగిపోయింది. తమ తీరరేఖ పటం అది. తీరానికి ఎదురుగా నాలుగు దీవులుండాలి. మూడే ఉన్నాయి. చిట్టి దీవి లేదు.

వెంటనే ఆమె హెడ్మిస్ట్రెస్‌కి మెసేజ్ పెట్టింది. "సైన్స్ టీచర్ నా పటంలో ఒక దీవిని చెరిపేసింది. పటాలు తెలియని వాళ్ల చేతికి పటాలు ఇవ్వడం మంచిది కాదేమో." చివర 'ఏమో' అని పెట్టాను కాబట్టి అది చాడీ కిందకి రాదని తనకి తనే సర్దిచెప్పుకుంది. జవాబు రాత్రికి వచ్చింది. "రేపు నాలుగింటికి ఫోన్ చేస్తాను. మీరు ఊ అంటే పుస్తకం మీద ఆమె పేరు తీయించి మీ పేరు వేయిస్తాను."

ఆ మెసేజ్‌ని ఆమె ఏడుసార్లు చదువుకుంది.

ఇంకో సంగతి కూడా చెప్పుకుంటే మనం మెట్లెక్కేయొచ్చు. పట్నంలోని ఇరవయ్యారు బళ్లకీ కలిపి బుధవారం మోడల్ పరీక్ష ఉంది. దానికి తీరరేఖ పటం ఇచ్చింది పెద్దకోడలే. నాలుగు దీవులు, నాలుగు మార్కులు. కుడివైపు కింద మూలన చిన్న అక్షరాల్లో పటం గీసినవారి పేరు పడుతుంది. అచ్చు బాధ్యత హెడ్మిస్ట్రెస్‌దే. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ప్రెస్సులో అచ్చు మొదలు. మళ్లీ తొమ్మిదే, చూశారా.

*

ఆదివారం మూడున్నరకి ఆమె మేడ మీది గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి, లోపలి దృశ్యం చూసి మంట రెట్టింపైంది.

అత్తగారు పరీక్షా కేంద్రాన్ని మార్చేసింది! పెన్సిలు, రబ్బరు, టైమరు, అన్నీ మేడ మీదికి వలసొచ్చాయి. చిన్నకోడలి భోజనాల బల్ల దగ్గర, ఫ్యాను కింద, ఆవిడ తలవంచుకుని రాసుకుంటోంది. అది చాలదన్నట్టు బల్ల రెండో చివర కత్తెర పట్టుకుని కూర్చున్నది సాక్షాత్తూ తన మొగుడు. పెళ్లయి ఇన్నేళ్లలో ఉల్లిపాయ తరగని మనిషి, మరదలి ప్రశ్నల కార్డులు నాలుగు పక్కలా కొలిచి మరీ కత్తిరిస్తున్నాడు.

"నా దీవి ఏదీ?" అంది పెద్దకోడలు.

"రండక్కా, కూర్చోండి," అంది చిన్నకోడలు, గ్లాసులు కడుగుతున్న చేతులు తుడుచుకుంటూ. "ఏ దీవి?"

"ష్‌!" అంది అత్తగారు తల ఎత్తకుండా. "పరీక్ష జరుగుతోంది. ఇంకా పదిహేడు నిమిషాలుంది."

"అత్తయ్యా, ఇది అర్జెంటు."

"హాల్లో మాట్లాడితే కాగితం లాగేస్తాను."

ఎవరి కాగితం ఎవరు లాగేస్తారో అర్థం కాకపోయినా, పదకొండేళ్ల అలవాటు కొద్దీ పెద్దకోడలు నోరు మూసుకుని కుర్చీలో కూలబడింది. కోపాన్ని పదిహేడు నిమిషాలు నిలవ ఉంచడం ఎంత కష్టమో ప్రయత్నించిన వాళ్లకే తెలుస్తుంది. చల్లారిపోతుందేమోనని భయపడి ఆమె గది చుట్టూ చూస్తూ ఒక్కో వస్తువునీ దానికి పుల్లలా వేసుకుంది. ఫ్రిజ్ మీద పిల్లలు రాసిచ్చిన థాంక్యూ కార్డులు. పుల్ల. ఎండబెట్టిన ఆకులు అంటించిన చార్టు. పుల్ల. మొగుడు కత్తిరించిన కార్డులు, ఒక్కటీ వంకర పోలేదు. పెద్ద దుంగ.

బల్ల మీద అత్తగారి ముందున్న షీటు తలకిందులుగా కనిపిస్తోంది. పైన "చుక్కల కథ" అని శీర్షిక. శీర్షికలో కూడా కథలే ఈ పిల్లకి! కింద మూడు గళ్లు. మొదటి గడిలో ఒక చుక్క ఉప్పునీళ్లు, రెండో గడిలో సిరా, మూడో గడిలో టీ. చుక్కలు వేసి, ఎండనిచ్చి, ఎండాక ఎలా ఉన్నాయో గమనించి జవాబులు రాయాలి. అత్తగారు తన కప్పులోని టీనే చెంచా కొసతో వేసినట్టుంది. ఫ్యాను గాలికి అప్పటికే మూడూ ఎండిపోయాయి.

అయిదో ప్రశ్న దగ్గర ఆవిడ ఆగింది. భూతద్దం తీసింది. మూడో గడి మీద పెట్టి చాలాసేపు చూసింది. అద్దం తీసి కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. పెన్సిలు కింద పెట్టేసింది.

పెద్దకోడలికి ఆశ్చర్యమేసింది. పదకొండేళ్లలో అత్తగారు ఖాళీ వదిలిన ప్రశ్న లేదు. తెలియని వాటికి కూడా ఏదో ఒకటి రాసి, ప్రశ్న సరిగ్గా లేదని పక్కన ఎర్రసిరాతో గీత గీసేది. మొన్నటి తొమ్మిదికి ఇవాళ ఎనిమిది పడినా చాలని ఆమె మనసు గంతేసింది కూడా. అంత చిన్న ఆశకి దిగజారినందుకు సిగ్గనిపించింది గానీ, ఆశ మాత్రం పోలేదు.

టైమరు మోగింది. పెద్దకోడలు లేచి నలిగిన ప్రూఫు కాగితాన్ని బల్ల మీద పరిచింది.

"ఇప్పుడు చెప్పు. నా పటంలో చిట్టి దీవి ఏమైంది?"

చిన్నకోడలు వంగి చూసింది. "ఓ, అదా! అది దీవా అక్కా? మరక అనుకున్నాను. స్కాన్ చేశాక తుడిచేశాను."

"మరకా! పదకొండు బ్యాచీల పిల్లలు పేరు రాసి మార్కులు తెచ్చుకున్న దీవి నీకు మరకలా కనపడిందా?"

"నిజంగా అలాగే ఉందక్కా."

"ఎందుకు చెరిపావో నాకు తెలుసులే. మొదట నా పీరియడ్లలోంచి రెండు రివిజన్‌కి అడిగావు, ఇచ్చాను. పిల్లలు నీ గదివైపు పరిగెడుతుంటే కారిడార్‌లో పక్కకి జరిగి దారి కూడా ఇచ్చాను. అత్తయ్య టైమరు పట్టుకుని నీ మేడెక్కేశారు. ఇదిగో, ఈయన కత్తెర పట్టుకుని వచ్చేశారు. మిగిలింది నా పటం ఒక్కటే. అందులోనూ చెయ్యి పెట్టేశావు!"

"నన్నెందుకు లాగుతావు మధ్యలోకి?" అన్నాడు మొగుడు. "నేను కార్డులు కత్తిరిస్తున్నాను, అంతే."

"ఇంట్లో నా కార్డులు కత్తిరించారా ఎప్పుడైనా?"

"నువ్వు కత్తెర ముట్టుకోనివ్వవు కదే! వంకర పోతుందంటావు."

అది నిజమే కాబట్టి ఆమె వినిపించుకోలేదు.

చిన్నకోడలి మొహం ఎర్రబడింది. ఎప్పుడూ నవ్వుతుండే ఆ పిల్ల నవ్వడం మానేస్తే ఎలా ఉంటుందో పెద్దకోడలు మొదటిసారి చూసింది.

"మీకు నా మీద కుళ్లు వస్తుందని నేను ఏనాడూ అనుకోలేదక్కా. ఎందుకంటే నాకే మీ మీద కుళ్లు. పాత పిల్లలు బడికొస్తే నేరుగా మీ బల్ల దగ్గరికే వస్తారు. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా, మీరు గీసిన పటం ఇంకా దాచుకున్నామని చెబుతారు. నా తాడూ క్లిప్పులూ ఎవరు దాచుకుంటారు? గంట కొట్టగానే విప్పేయడమేగా. నేను మీ పటం తీసుకున్నది కూడా, నా పుస్తకానికి కాస్త బరువు వస్తుందని."

ఏదేమైనా, వచ్చిన పని వదిలితే ఎలా? "అయితే దీవిని ఎందుకు చెరిపావు?" అంది పెద్దకోడలు, కాస్త గొంతు తగ్గించి.

"మీరే చూడండి," అంటూ ఆ పిల్ల బీరువాలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. "మీ ఫైల్లో అన్నిటికన్నా అడుగున ఉంది. కాపీలకన్నా అసలైతే గీతలు శుభ్రంగా వస్తాయని దీన్నే స్కాన్ చేశాను."

కవర్లోంచి బయటికొచ్చిన కాగితాన్ని పెద్దకోడలు వెంటనే గుర్తుపట్టింది. పదకొండేళ్ల క్రితం తను గీసిన అసలు పటం. మాస్టర్ కాపీ పాడవకూడదని మొదటి వారంలోనే ఒక జిరాక్స్ తీసి దాన్ని అడుగున పడేసింది. ఆ తర్వాత కాపీకి కాపీ, దానికి కాపీ. అసలుని మళ్లీ చూడనే లేదు.

తీరం నల్లటి ఇంకులో ఉంది. మూడు దీవులు నల్లటి ఇంకులో ఉన్నాయి. నాలుగోది గోధుమరంగులో ఉంది.

నాలుగో దీవిని గీసిన గుర్తు ఆమెకి ఏనాడూ లేదు. ఆ సంగతి పదకొండేళ్లుగా ఆమె మనసులో ఏ మూలో, చీర మడతలో మర్చిపోయిన రసీదులా ఉండిపోయింది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో, వెనక బెంచీ మీద ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉండగా, ముందు వరసలో ఒక పిల్ల లేచి "టీచర్, ఈ నాలుగోది ఏ దీవి?" అని అడిగింది. కాపీలో చూస్తే నిజంగానే నాలుగోది ఉంది. చిన్నది, గుండ్రంగా, చక్కటి నల్లటి అంచుతో. ఎక్కడో గీసి మర్చిపోయానేమో అనుకుంది. నోటికొచ్చింది చెప్పేసింది. "అది చిట్టి దీవి. అక్కడ జనం ఉండరు." ఇంటికెళ్లి చూసి రేపు సరిచేద్దామనుకుంది. అట్లాసులో ఆ తీరం గోరంత, అందులో ఏ చిన్న దీవీ కనపడదు. పాఠ్యపుస్తకంలో "తీరానికి దగ్గర్లో కొన్ని చిన్న దీవులు ఉన్నాయి" అని ఒకే వాక్యం. కొన్ని అంటే మూడో నాలుగో ఎవరు చూడొచ్చారు? ఇంతలో ఇన్‌స్పెక్టరు రిజిస్టరులో "స్థానిక భౌగోళిక జ్ఞానం ప్రశంసనీయం" అని రాసి సంతకం పెట్టేశాడు. ఇక సరిచేయడమెలా? రెండో ఏడు ఆమె పాఠంలో చిట్టి దీవి మీద పక్షులు వాలాయి. నాలుగో ఏడుకి గాలి నైరుతి దిక్కునుంచి వీచింది. ఏడో ఏడు వచ్చేసరికి ఆమె కూడా నమ్మేసింది.

అత్తగారు తన జవాబు పత్రాన్ని మెల్లగా జరిపి, పాత పటం పక్కన పెట్టింది. మూడో గడిలోని టీ చుక్క వచ్చి సరిగ్గా నాలుగో దీవి పక్కన ఆగింది.

అదే గోధుమరంగు. మధ్యలో పలచన, అంచు చుట్టూ ముదురు గీత.

ఫ్యాను తిరుగుతోంది. మొగుడు కత్తెర ఆపేశాడు.

"చుక్క ఎండేటప్పుడు," అంది చిన్నకోడలు, చెప్పాలో వద్దో తెలియని గొంతుతో, "అంచు దగ్గర నీళ్లు ముందు ఆరిపోతాయి. ఆరిన చోటుకి లోపలి నీళ్లు పాకుతూ వెళ్తాయి. వెళ్తూ వెళ్తూ రంగుని కూడా మోసుకెళ్లి అక్కడ వదిలేస్తాయి. అందుకే అంచు మాత్రం ముదురుగా ఉంటుంది. జిరాక్స్ తీస్తే పలచటి రంగు పోయి అంచు ఒక్కటే పడుతుంది. పెన్నుతో గీసినట్టే ఉంటుంది." ఆగి, "అక్కా, ఈ షీటు నేను మీ మీద పెట్టుకుని చేయలేదు. ఒట్టు. బాష్పీభవనం పాఠం రివిజన్‌కి," అంది.

నమ్మకూడదని పెద్దకోడలికి గట్టిగా అనిపించింది. నమ్మకపోతే ఎంత సుఖంగా ఉండేదో! కానీ ఆ పిల్ల మొహం చూస్తే అబద్ధం ఎక్కడా దొరకలేదు.

"ఇది ఎవరి టీ?" అంది చివరికి.

"నాది," అంది అత్తగారు.

అందరూ ఆవిడవైపు తిరిగారు.

"నువ్వు మొదటిసారి ఈ పటం షీటు నా ముందు పెట్టిన రోజు, నా చెంచాలోంచి పడింది. నేను చూశాను. నాకు తెలుసు."

"తెలుసా? పదకొండేళ్లుగానా?"

"ఏటా పద్నాలుగో షీటుకి అర మార్కు కోస్తూనే ఉన్నాను కదమ్మాయ్. ఎందుకత్తయ్యా అని నువ్వు ఒక్కసారైనా అడిగావా?"

"నేనడగకపోతే మీరు చెప్పరా? ఏటా ఆ ఖాళీలో మీరు కూడా 'చిట్టి దీవి' అనే రాశారు!"

అత్తగారు రబ్బరుని తీసుకుని బల్ల మీద అటూ ఇటూ దొర్లించింది. కిటికీలోంచి బయటికి చూసింది. మాట్లాడినప్పుడు అది మార్కులు వేసే గొంతులా లేదు.

"అప్పుడే రిటైరయ్యాను. నా కుర్చీ, నా గ్లోబు, మ్యాపుల బీరువా తాళాలు, అన్నీ నీ చేతికిచ్చి వచ్చాను. పది రోజులు తిరక్కముందే పిల్లలు నీ చుట్టూ చేరారు. ముప్ఫై ఏళ్లు చెప్పినదాన్ని, నా కోసం ఒక్కళ్లూ రాలేదు. నువ్వే కనిపెడతావులే అనుకున్నాను. కనిపెట్టకపోతే బాగుండు అని కూడా అనుకున్నాను. ఆ తర్వాత ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడని నువ్వు ఎగురుకుంటూ వచ్చావు. ఇక అప్పుడు..." చెయ్యి గాల్లో ఒకసారి ఊపింది. "అలా జరిగిపోయింది."

కారిడార్‌లో పక్కకి జరిగి పిల్లలకి దారిచ్చినప్పుడు తన మొహం ఎలా ఉందో పెద్దకోడలు చూసుకోలేదు. ఇప్పుడు ఎదురుగా ఉన్న మొహం చూస్తే తెలిసింది.

సరిగ్గా అప్పుడే బల్ల మీద పెద్దకోడలి ఫోను మోగింది. గోడ గడియారంలో నాలుగు. ఆమె చెయ్యి చాచేలోపే, ఖాళీగా ఉండలేని మొగుడు సాయం చేద్దామని స్పీకరు నొక్కేశాడు.

"హలో, అట్లాస్ టీచరుగారూ," అంది హెడ్మిస్ట్రెస్ గొంతు, గదంతా వినపడేలా. "నిన్న మీరు పంపిన మెసేజ్ సంగతి. సైన్స్ టీచర్ మీ దీవిని చెరిపేసిందన్నారు. పటాలు తెలియని వాళ్ల చేతికి ఇవ్వకూడదన్నారు. పుస్తకం మీద ఆమె పేరు తీసేయమంటారా మరి? ఊ అనండి, ఇప్పుడే ప్రెస్సుకి చెబుతాను."

చిన్నకోడలు పెద్దకోడలివైపు ఒకసారి చూసి, బల్ల మీది కార్డుల కట్టని అంచులు కలిపి సర్దడం మొదలుపెట్టింది. కట్ట సరిగ్గానే ఉంది. అయినా సర్దుతోంది.

"ఊ" అనడానికి అక్షరం ఒక్కటే. అన్నా ఎవరూ కాదనరు. తర్వాత నెమ్మదిగా ప్రెస్సుకి ఫోన్ చేసి మోడల్ పరీక్ష పటంలోంచి ఆ చుక్క తీసేయించొచ్చు, అచ్చులో పడిన మచ్చ అని చెప్పి. మూలన పేరు ఉంటుంది. పుస్తకం మీదా పేరు ఉంటుంది. పదకొండేళ్లూ అలాగే ఉంటాయి.

"మేడమ్, అదీ..." అంది. "అది అలా జరిగి..."

ఆ మాట తన నోట్లోంచి అత్తగారి గొంతుతో వస్తున్నట్టనిపించి ఠక్కున ఆగిపోయింది. చెయ్యి కూడా సగం గాల్లోకి లేచి ఉంది. దాన్ని దించి ఒళ్లో పెట్టుకుంది.

"ఆ పేరు తీయకండి మేడమ్. ఆమె చెరిపింది దీవి కాదు. అక్కడ దీవి లేదు. అది టీ మరక."

"ఏమిటీ?"

"టీ మరక మేడమ్."

అవతల కుర్చీ కిర్రుమంది. "మరి బుధవారం ఇరవయ్యారు బళ్లకి వెళ్లే పటంలో నాలుగు దీవులున్నాయే! నాలుగు మార్కులున్నాయే!"

"ఉన్నాయి. మన పిల్లలు లేని దీవికి పేరు రాస్తారు. మిగతా పాతిక బళ్ల పిల్లలు రాయలేక ఒక మార్కు పోగొట్టుకుంటారు."

"పొద్దున తొమ్మిదికి అచ్చు మొదలవుతుందమ్మా! ఇప్పటికిప్పుడు సరైన పటం ఎక్కడినుంచి తేను? ఎవరి దగ్గరైనా ఉందా?"

ఉంది. ఇరవయ్యారు బళ్లలో ఒకే ఒక్కచోట, ఆ మేడ మీద, ఆ బల్ల మీద, తనే నలిపి తెచ్చిన కాగితంలో ఉంది. శుభ్రంగా, మూడు దీవులతో.

"మా తోటికోడలి దగ్గర ఉంది," అంది పెద్దకోడలు. ఒక్కో మాటా పంటి కింద రాయిలా తగులుతూ బయటికొచ్చింది. "అరగంటలో పంపిస్తుంది."

"మూలన ఎవరి పేరు వెయ్యాలి?"

పెద్దకోడలు బల్ల మీది నలిగిన కాగితాన్ని అరచేత్తో సాపు చేసింది.

"ఆమెదే వెయ్యండి."

"అక్కా, వద్దు..." అనబోయింది చిన్నకోడలు.

"నోర్మూసుకో. మళ్లీ అడిగితే ఇవ్వను," అంది పెద్దకోడలు. ఆ పిల్ల నిజంగానే నోరు మూసుకుంది, కళ్లు మాత్రం తుడుచుకుంది.

హెడ్మిస్ట్రెస్ నిట్టూర్చింది. "సరే. కానీ ప్రశ్న మార్చాలంటే రేపు ఎనిమిదింటికి కమిటీ కూర్చోవాలి. ఇన్నాళ్లు ఈ దీవి ఎలా నిలబడిందని అడుగుతారు. ఎవరి పొరపాటో నేను కాగితం మీద రాసివ్వాలి. కమిటీకి పెద్ద ఎవరో తెలుసుగా? మీ మొదటి నెలలో మీ క్లాసుకి వచ్చిన ఇన్‌స్పెక్టరుగారే. ఆ రోజు రిజిస్టరులో ఆయన రాసింది నా దగ్గరే ఉంది. చెప్పండి, ఎవరి పేరు రాయను?"

స్థానిక భౌగోళిక జ్ఞానం ప్రశంసనీయం. ఆ అక్షరాలు, కింద ఆ సంతకం పెద్దకోడలి కళ్లముందు కదిలాయి. రేపు పొద్దున ఎనిమిదింటికి ఆ సంతకం పెట్టిన మనిషి ఎదురుగా నిలబడాలి.

"నా పేరు రాయండి మేడమ్," అంది. "తప్పు నాది."

అప్పుడు అత్తగారు కుర్చీలోంచి లేచి, పరీక్ష కాగితం అందుకునే పిల్లలా రెండు చేతులతో ఫోను అందుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఒకసారి గొంతు సవరించుకుంది. మళ్లీ సవరించుకుంది.

"హెడ్మిస్ట్రెస్‌గారూ, నేను. మా పెద్దమ్మాయి ఇచ్చిన జవాబుకి సగం మార్కులే పడతాయి. రేపు దాంతోపాటు నేనూ వస్తున్నాను, రెండో పేరు కూడా రాసుకోండి," అంది. ఆ తర్వాత, డెబ్బయ్యేళ్లలో మొదటిసారి ఆ మాటని నోట్లో కూడబలుక్కుంటూ, "మిగతా సగం తప్పు నాది," అంది.